ఈ కార్తె పోనీ

"ఎండైనా వానైనా పాపను రోజూ గుట్ట ఎక్కించండి" అని డాక్టరు దొరసాని చెప్పినప్పుడు నాకు ఎండ మాట వినబడలేదు. వాన మాటే వినబడింది.

మా కృపమణికి అప్పుడు పదమూడేళ్ళు. చేనినుంచి శనక్కాయ బండి మీద వస్తూ జారి పడింది. చక్రం కుడి మోకాలిని ఒరుసుకుంటూ పోయి ఎముక విరిగింది. మిషన్ ఆసుపత్రిలో పిండికట్టు వేసి రెండు నెలలు పెట్టుకున్నారు. మార్చిలో కట్టు విప్పితే ఎముక అతికింది గానీ మోకాలు మడత పడలేదు. రోకలి మాదిరి చాపుకొనే ఉంది.

దొరసాని పాపను బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని కాలు వెనక్కి వంచి చూపించింది. పాప పళ్ళు బిగబట్టింది.

"చూడండి, ఇంతే వచ్చుచున్నది. సమనేల మీద నడిస్తే ఇది వంగదు. రాళ్ళు, మెట్టలు ఎక్కవలెను. నొప్పి పుడుతుంది, భయపడవద్దు. క్రిస్మసు వరకు ఒక్క దినము మానకుండా ఎక్కితే వంగుతుంది. నెలా రెండు నెలలు ఊరక కూర్చుంటే బిగిసిపోతుంది. బిగిసిన తరువాత నేను కూడా ఏమియు చేయలేను."

ఆమె తెలుగు బైబిలు చదివినట్టుండేది. అందుకేనేమో ఆ మాటలు నాకు వాక్యం మాదిరి కంఠతా వచ్చాయి. వచ్చీ ఏం లాభం?

నందికొట్కూరుకు నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. ఊరి వెనకే తేనెగుట్ట. పెద్ద గుట్టేం కాదు, ఒళ్ళు బాగున్నవాళ్ళు అరగంటలో ఎక్కుతారు. పైన వెడల్పాటి బండ, ఆ బండలో ఒక దొన. దొన అంటే రాతిలో తనంతట తానే ఏర్పడిన తొట్టి. ఒక మంచి వానకు నిండితే మళ్ళీ ఎండాకాలం దాకా అందులో నీళ్ళుంటాయి. ఆ ఏడు అది ఎండిపోయి ఉండేది.

పక్కింటి సుంకమ్మక్క రోజూ పొద్దున్నే కట్టెలకు ఆ గుట్టకే పోయేది. యాభై దాటిన మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. పాపను ఆమె వెంట పంపమన్నాడు మా ఆయన లేవి. నాకు పాములు గుర్తొచ్చాయి. తేళ్ళు గుర్తొచ్చాయి. పైనుంచి రాయి దొర్లితే? ఎలుగ్గొడ్డు వస్తే?

"ఎలుగ్గొడ్డు వస్తే నీ పేరు చెప్తాలేమ్మా, అదే పారిపోతాది" అంది సుంకమ్మక్క. మా ఆయన పడీ పడీ నవ్వాడు. నేను నవ్వలేదు.

అయినా పంపాను. ఎండాకాలమంతా పంపాను. ఆ మాట మాత్రం నిజం.

మొదటి వారం పాప గుట్ట మొదట్లో ఉన్న పొట్టిరాయి దాకా పోయి వచ్చింది. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కండ్లనీళ్ళు పెట్టుకునేది. మరుసటి రోజు మళ్ళీ చేతికర్ర పట్టుకుని వాకిట్లో నిలబడేది. రోజుకొక రాయి ఎక్కువ అని తనే లెక్క పెట్టుకుంది. పొట్టిరాయి అయింది, జంటరాళ్ళు అయినాయి, గొడుగుబండ అయింది. రాళ్ళకు ఆ పేర్లన్నీ పాప పెట్టినవే. నొప్పి ఎక్కువైన రోజు సుంకమ్మక్క ఎవరెవరినో తిట్టి నవ్వించేదంట. వచ్చే దారిలో ఇద్దరూ రేగిచెట్లను గూడా వదలకుండా ఏదో ఒకటి నములుతూ వచ్చేవాళ్ళు.

ఆదివారం గుడినుంచి రాగానే మా ఆయన పాపను బోర్లా పడుకోబెట్టి, కాలు మడిచి, మడమకూ పిర్రకూ నడుమ జానతో కొలిచేవాడు. మొదటి ఆదివారం మూడున్నర జానలు వచ్చింది. ఈస్టరు దాటేసరికి రెండున్నరయింది. రోహిణి కార్తె ఎండల్లో, రాళ్ళు కాలే ఎండల్లో, జానాబెత్తెడుకు వచ్చింది. ఆ వారమే పాప దొన దాకా ఎక్కింది.

"అమ్మా, దొనలో ఒగ తొండ తప్ప ఏం ల్యా. బండంతా ఎండకు పెనం అయిపోయిండాది. మొదటి వానకు నిండుతాది చూడు, ఆ పొద్దు నేను ఆడికి పోయి మొగం చూసుకుంటా. కింద కూచోని, ఇట్ల, మోకాళ్ళ మీద."

మోకాళ్ళ మీద. ఆ ఆశే దానికి. గుడిలో ఆడవాళ్ళందరూ మోకరించినప్పుడు అదొక్కటే గోడ పక్కన కాలు చాపుకుని కూర్చునేది. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకు ఆ కాలు తగిలేది. ఒకసారి ఈరక్క తట్టుకుని పడబోయి, "ఎవురే ఈ కట్టె ఈడ పెట్టింది?" అంది, చూడకుండానే. చూశాక పాపం ఆమే ఏడ్చింది. పాప మాత్రం ఏడవలేదు. క్రిస్మసుకు అందరితో పాటు మోకరిస్తానని మా ఆయనతో పందెం కట్టింది.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి రోజే మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. వాకిట్లో దుమ్ము మీద శనగగింజలంత గుంటలు పడ్డాయి, అంతే. ఊరంతా బయటికొచ్చి మొగం పైకెత్తింది. నాకు మాత్రం తడిసిన బండ కనబడింది. ఆ బండ మీద మా పాప కర్ర జారడం కనబడింది. అతికిన ఎముక మళ్ళీ పుటుక్కుమనడం చెవులకు వినబడింది కూడా.

మరుసటి పొద్దున పాప కర్ర తీసుకుంటే పట్టుకున్నాను.

"వద్దు పాపా. వాన కాలం. ఈ కార్తె పోనీ. పదమూడు రోజులే గదా, తర్వాత పోదువులే."

"వాన యాడుందమ్మా?"

"వస్తే?"

సుంకమ్మక్క గడపలో నిలబడి చూసి, నన్ను పేరు పెట్టి అడిగింది. "ఏం విశ్వాసమ్మా, మీ పాప ఉప్పుగడ్డనా, నీళ్ళు తగిల్తే కరిగిపోయేదానికి?"

"పిడుగు పడితే ఎవరక్కా దిక్కు?"

"పడితే నా మీద పడనీలే. నీ కండ్లు సల్లబడతాయి." అని తిట్టుకుంటూ ఒక్కతే పోయింది.

మా ఇంట్లో, మా పుట్టింట్లో, వానలో పోయినవాళ్ళు ఎవరూ లేరు. పోయినవాళ్ళంతా వాన లేక పోయినవాళ్ళే. ఆ సంగతి నాకు తెలియక కాదు. భయానికి సంగతులు పనికిరావు.

మా ఆయన ఒక మాట అన్నాడు. "దొరసాని ఏం చెప్పింది, నువ్వేం చేస్తాండావు?" నేను ఏడ్చాను. ఆయనకు చేను దుక్కి పని ఉంది, విత్తనం ఎప్పుడు వేయాలా అని మనసంతా అక్కడే ఉంది. "పదమూడు రోజులే అంటాంది గదా" అని ఊరుకున్నాడు.

మృగశిరలో మళ్ళీ చినుకు పడలేదు. ఆరుద్ర వచ్చింది. ఆరుద్రలో పడకుండా పోదు అన్నారు అందరూ, నేను ఆ మాట పట్టుకున్నాను. ఆ కార్తె పోనీ అన్నాను. పునర్వసు వచ్చింది. రోజూ మధ్యాహ్నానికి మబ్బు కమ్మేది, గాలి లేచేది, సాయంత్రానికి మబ్బు శ్రీశైలం దిక్కుకు పోయేది. ఆ మబ్బును చూసి ఊరివాళ్ళకు ఏడుపొచ్చేది. నాకు గుండె కుదుటపడేది. పాపను పెరట్లో తిప్పేదాన్ని. కోళ్ళ గూటినుంచి కల్లం దాకా, కల్లం నుంచి గూటి దాకా వంద సార్లు. అది చదును నేల. కాలు చాపుకొనే నడిచేది. నేను వంద అయిందా లేదా అని చూశాను గానీ మోకాలు వంగిందా లేదా అని చూడలేదు.

పుష్యమిలో మా గుడిలో వాన ప్రార్థన పెట్టారు. ఉపదేశి ఏసేపయ్య అందరినీ ఉపవాసం ఉండమన్నాడు. చిన్నా పెద్దా అందరూ మోకరించారు. గిత్తలకు మేత లేదు ప్రభువా అని ఒకరు, మా కొర్రచేను ప్రభువా అని ఒకరు, గట్టిగా ఏడుస్తూ అడుగుతున్నారు. నేనూ మోకరించి, నా ఎప్పటి పద్ధతిలో పెదవులు కదిపాను. "ప్రభువా, ఈ కొన్నాళ్ళు వాన వద్దు. మా పాప మోకాలు వంగేదాకా వద్దు. దానికి దారి పొడిగా ఉండనీ. తర్వాత ఎంతైనా కురిపించు."

దారి పొడిగానే ఉంది. అప్పటికి నెలన్నరగా పొడిగానే ఉంది. నేనే పంపలేదు. ఆ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకునే తెలివి ఆ పొద్దు నాకు లేదు.

పాప నా పక్కనే, కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఇంటికి వచ్చేటప్పుడు అడిగింది.

"అమ్మా, నువ్వు వాన వద్దని చేసినావు గదా ప్రార్థన?"

"ఛీ, ఎవరు చెప్పినారు?"

"నీ నోరు చూసినా. నేనేమో దొన నిండాలని చేసినా." కాసేపు నడిచి నవ్వింది. "ఇద్దరిలో ఎవురి మాట వినాల్నో తెలీక దేవుడు ఊరికే కూచున్నట్టుండాడు."

ఊరి చేలన్నీ నా మూలానే ఎండుతున్నాయనిపించింది. ఆ భయం ఒకటి కొత్తగా చేరింది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆశ్లేష కార్తెలో ఒక పొద్దున నేను నీళ్ళకు పోయి వచ్చేసరికి పాప లేదు. గోడకు ఆనించిన కర్ర లేదు. సుంకమ్మక్క గుడిసెకు తడిక వేసి ఉంది. ఆ రోజే, ఎన్నాళ్ళకో, మబ్బు కిందికి దిగి సన్నటి జల్లు మొదలైంది. నేను బిందె అక్కడే పారేసి గుట్టకు పరుగెత్తాను. అరుస్తూ పరుగెత్తాను. దారిలో హనుమన్న చేనిలోంచి, "ఎవురికేమైందమ్మా?" అని అడిగాడు. "మా పాప, మా పాప" అన్నాను. ఆయన గడ్డపార పట్టుకుని నా వెంట పరుగెత్తి వచ్చాడు పాపం, ఎవరో బండ కింద పడ్డారనుకుని.

గొడుగుబండ కాడ కనబడ్డారు. సుంకమ్మక్క నెత్తిన కట్టెలమోపు, ముందర మా పాప. తల తడిసి జుట్టు నుదుటికి అతుక్కుంది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో రాయి పట్టుకుని, మోకాలు వంచి, ఒక్కొక్క మెట్టే దిగుతోంది. పెదవి కొరుక్కుంటూనే నవ్వుతోంది. నన్ను చూసి, "అమ్మా, రెండు నెలల్నుంచి పోకపోయినా గొడుగుబండ దాటినా. వానలో రాళ్ళు జారవమ్మా, గరుకుగా ఉండాయి. కావాలంటే నువ్వే చూడు" అంది.

అప్పుడు నేను ఆ రాయి మీద చేయి పెట్టి చూసి ఉంటే ఎంత బాగుండేది. గరుకుగానే ఉండి ఉంటుంది. జల్లు అప్పటికే నిలిచిపోయింది.

నేను తల కొట్టుకున్నాను. హనుమన్న ముందర, సుంకమ్మక్క ముందర, ఆ రాళ్ళలో కూలబడి ఏడ్చాను. "ఇంకొకసారి నాకు చెప్పకుండా గుట్టెక్కితే నేను అన్నం ముట్టను. నీకు తల్లి కావాల్నా, గుట్ట కావాల్నా?" అని అడిగాను. ఆ పూట ముట్టలేదు. మరుసటి రోజూ ముట్టలేదు. పాప సంకటి ముద్ద తెచ్చి నా ముందర పెట్టి, కాలు చాపుకుని కూర్చుని, "తినమ్మా, ఇంగ పోనులే" అంది. మూడోసారి అడిగాక తిన్నాను. గెలిచాననుకున్నాను.

సుంకమ్మక్క ఆ తర్వాత మా వాకిట్లో ఆగడం మానేసింది. ఒక రోజు పోతూ పోతూ అన్నది మాత్రం ఇది. "పడిపోతాదని నీకు బయం. అది పడకుండానే కుంటిదైతాంది, కనపడల్యా?"

మఖ పోయింది, పుబ్బ పోయింది. పాప అడగడం మానేసింది. పొద్దున్నే వాకిట్లోకి రావడం మానేసింది. పెరట్లో తిరగడం గూడా, వంద నుంచి యాభై, యాభై నుంచి ఇరవై. కాలు చాపుకుని చేయగలిగే పనులు వెతుక్కుంది. శనక్కాయలు వలవడం, చాటలో రాళ్ళు ఏరడం. నాకు ఇంట్లో ఆసరాగా ఉందని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు నా ఒళ్ళు నాకే రోత.

విత్తనం మొలవలేదు కాబట్టి ఉత్తర కార్తె నాటికి మా ఆయన ఇంటిపట్టునే ఉన్నాడు. ఒక ఆదివారం ఉన్నట్టుండి, "రా పాపా, కొలుద్దాం" అన్నాడు. చాపమీద పడుకోబెట్టి కాలు మడిచాడు. మడవబోయాడు. పాప అరిచిన అరుపుకు కోళ్ళు చెదిరిపోయాయి. జాన పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. మూడు జానలు. ఆయన నన్ను తిట్టలేదు. తన చేతివేళ్ళ వంకే చూసుకుంటూ, "నేను గూడా అడగల్యా, మూడు నెలల్నుంచి" అన్నాడు.

ఆ పొద్దు నుంచి నేను బతిమాలడం మొదలుపెట్టాను. ఎండ కాస్తోంది, మబ్బు లేదు, సుంకమ్మక్క కాళ్ళు పట్టుకుని ఒప్పిస్తా, నేను గూడా వెంట వస్తా, పోదాం పాపా.

చాటలోంచి తలెత్తకుండా అంది. "ఈ కార్తె పోనీలేమ్మా."

వెటకారంగా అనలేదు. వెటకారమైనా బాగుండేది. నిజంగానే దానికి లేవాలని లేదు. మార్చిలో అంత నొప్పిలో రోజుకొక రాయి ఎక్కువ ఎక్కిన పిల్ల ఇదేనా అని చూశాను. ఆ పట్టుదలను గుట్ట తీసుకోలేదు, వాన తీసుకోలేదు. పదమూడేసి రోజుల చొప్పున నేనే తీసేశాను.

బలవంతాన మూడు రోజులు తీసుకుపోయాం. పొట్టిరాయి దగ్గరే ఆగిపోయింది. సుంకమ్మక్క ఎంత నవ్వించినా నవ్వలేదు. "ఒగ రాయి, ఒక్కటే మే" అని బతిమాలింది ఆమె. పాప ఆ రాయిని చూసి, "నొస్తాదత్తా" అంది. మార్చిలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. నాలుగో రోజు చాపమీదనుంచి లేవలేదు.

హస్త కార్తెలో నిజం వాన వచ్చింది. ఒక పగలంతా కురిసింది. ఊళ్ళో ముసలివాళ్ళు గూడా వీధిలో నిలబడి తడిశారు. మా ఆయన పై గుడ్డ తీసి నెత్తిన వేసుకుని చేను దిక్కుకు పరుగెత్తాడు. పాప గడపలో కూర్చుని చూరునీళ్ళ కింద చేయి పెట్టుకుంది. "దొన నిండింటాది" అంది. అంతే. అటు చూడను గూడా లేదు.

క్రిస్మసు అయిన వారానికి ఆసుపత్రికి బండి కట్టాం. దొరసాని పాపను చూడగానే సంతోషంగా లేచింది. బల్లమీద బోర్లా పడుకోబెట్టి మడమ పట్టుకుంది. కొంచెం వంచి ఆగింది. ఇంకొంచెం వంచబోయి పాప మొగం చూసి వదిలేసింది. నిలబెట్టింది, నడిపించింది, కూర్చోబెట్టింది.

"బిగిసిపోయినది" అంది. "నేను చెప్పితిని గదా. గుట్ట ఎక్కలేదా?"

నేను నోరు తెరిచాను. దారి పొడుగునా చెప్పాలనే అనుకుంటూ వచ్చాను. అమ్మా, పాప తప్పు లేదు, నేనే ఆపాను, వాన పడుతుందేమోనని ఆపాను, వాన పడనే లేదు అని. ప్రతి మాటా సిద్ధంగా ఉంది.

"ఎక్కలేదమ్మగారూ" అంది పాప. "వానాకాలంలో నాకే బద్ధకమైంది. అమ్మ రోజూ పొమ్మనింది. నేనే పోల్యా."

మా ఆయన తల దించుకున్నాడు. దొరసాని పాప వంక అట్లే చూసి, "నీ కాలును నీవే పోగొట్టుకున్నావు, బిడ్డా" అంది. కోపం లేదు, బాధే ఉంది. పక్కనున్న నర్సు ఆ మాట చీటీలో రాసింది. రోగికి నడక మీద ఇష్టము లేకపోయెను, తల్లి చెప్పినను వినలేదు. నాకు నాలుగో తరగతి దాకా చదువు ఉంది, తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. కింద తల్లి సంతకం పెట్టమన్నారు. కలం తీసుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. సంతకం పెట్టాను.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన బండి ముందర కూర్చుని ఎద్దులను తోలుతున్నాడు. వెనక గడ్డి మీద పాప కాలు చాపుకుని, నేను దాని పక్కన. పొద్దు వాలుతోంది. ఊరు ఇంకా దూరం ఉంది.

"ఏంటికట్ల చెప్పినావే?" అన్నాను.

పాప గడ్డిపోచ నములుతూ ఆలోచించింది. "ఆమె నిన్ను తిడితే నీకు ఇంగా బయమెక్కువైతాది గదమ్మా. అప్పుడు నన్ను గడప గూడా దాటనీయవు."

కాదు పాపా, ఇకమీద నిన్ను ఆపను అని చెప్పాలని దాని మొగంలోకి చూశాను. అప్పటికే నా చేయి దాని తలమీదికి కొంగు లాగుతూ ఉంది, మంచు పడుతుందేమోనని.